బంతి లేని పరుగు

నా చిన్నప్పుడు డోర్నకల్ రైల్వే క్వార్టర్లలోని పిల్లలందరికీ కలిపి ఒక్కటే ఫుట్‌బాల్ ఉండేది. అది మా పక్కింటి ముస్లిం పిన్నిది, మేమంతా ఆమెను ఖాలా అని పిలిచేవాళ్ళం. ఆమె భర్త లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేస్తూ షెడ్డు జట్టులో చాలా ఏళ్ళు ఆడాడట. నాకు ఊహ తెలిసేసరికే ఆయన పోయాడు. ఉద్యోగం కొడుక్కి వచ్చింది కాబట్టి ఖాలా అదే క్వార్టర్లో ఉండిపోయింది. ఆ తోలు బంతిని ఆమె పాత దుపట్టాలో చుట్టి బియ్యం డబ్బా పక్కన దాచేది. వారానికోసారి దానికి కొబ్బరినూనె పట్టించేది. బడి వదిలాక మేమంతా గుమ్మం ముందు నిలబడితే బంతి చేతికిచ్చి, పొద్దుగూకకముందే తెచ్చివ్వాలని రోజూ చెప్పిన మాటే మళ్ళీ చెప్పి, అరుగు మీద చేట పెట్టుకుని కూర్చునేది. ఎదురుగానే మైదానం. ఆమె బియ్యం ఏరుకుంటోందని అనుకునేవాళ్ళం. మమ్మల్ని కూడా ఏరుతోందని చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లో నేను మా జట్టులో ముందు వరసలో ఆడేవాణ్ణి. ఈ మాట చెప్పడానికి ఇప్పుడు కొంచెం సిగ్గేస్తుంది గానీ, అప్పుడు నాకు నేనే పెద్ద మొనగాణ్ణి. పదమూడేళ్ళకే పొడుగ్గా ఎదిగాను. కాలి దెబ్బ గట్టిగా ఉండేది. గొంతు అంతకంటే గట్టిగా ఉండేది. బంతి ఎవరి కాళ్ళ దగ్గర ఉన్నా "నాకియ్యి, నాకియ్యి" అని అరిచేవాణ్ణి. అరిస్తే ఇచ్చేవాళ్ళు. ఇచ్చిన బంతుల్లో నాలుగింటికి ఒకటి గోల్‌లోకి వెళ్ళేది. ఆ ఒక్కటే అందరికీ గుర్తుండేది, పోయిన మూడింటి సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. నేనసలే ఎత్తను.

మా జట్టులో మరో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకడు మా వెనక లైను క్వార్టర్లలో ఉండే పొట్టివాడు. వాళ్ళ నాన్నకు షెడ్డులో పని. మధ్యాహ్నం విజిల్ పడేలోగా టిఫిన్ క్యారియర్ అందించాలి కాబట్టి బడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి షెడ్డుకు రోజూ పరుగే. అంత వేగంగా పరుగెత్తే పిల్లవాణ్ణి మళ్ళీ నేను చూడలేదు. వాణ్ణి మేం ఎడమవైపు గీత పక్కన నిలబెట్టి మరచిపోయేవాళ్ళం.

రెండోవాడు గ్యాంగ్‌మన్ కొడుకు. చిన్నప్పుడు ఏదో జ్వరం వచ్చి వినికిడి పోయింది. గట్టిగా అరిచినా లీలగా వినబడేదేమో, అంతే. మాట సరిగ్గా తిరగదని వాడు నోరు తెరవడమే మానేశాడు. మేం వాణ్ణి "చెవిటోడా" అనే పిలిచేవాళ్ళం. వాడికి వినబడదు కదా, అన్నా ఏం కాదనుకునేవాళ్ళం. అరిచినా వినబడనివాడు ఆటకు పనికిరాడని తీర్మానించి, పదకొండు మంది కావాలి కాబట్టి వెనక బ్యాక్‌గా పెట్టాం. బంతి వస్తే తన్నెయ్యి, అంతే నీ పని అని చేతులతో చూపించాం.

కేసముద్రంలో మార్కెట్ యార్డు దగ్గరి పిల్లలకు ఒక జట్టుండేది. హమాలీల పిల్లలు, దుకాణాల వాళ్ళ పిల్లలు, చుట్టుపక్కల రైతుల పిల్లలు. ఏడాదికోసారి వాళ్ళతో మాకు పందెం. రెండేళ్ళు వరుసగా మేమే ఓడాం. రెండోసారి మా ఊళ్ళోనే, మా వాళ్ళందరి ముందే ఓడాం. పోతూ పోతూ వాళ్ళ కెప్టెన్ నా భుజం మీద చెయ్యేసి నవ్వుతూ అన్నాడు. "వచ్చేసారి సుత ఓడిపోతే మీతోని ఇగ ఆడం అన్నా. మానుకోట పోరగాండ్లను పిలుచుకుంటం." అన్నా అని పిలుస్తూనే అన్న ఆ మాట నాకు అన్నం తిననివ్వలేదు.

మూడో ఏడు పందానికి నెల రోజులుందనగా మరింత కసిగా ఆడటం మొదలుపెట్టాం. కసిగా ఆడటమంటే ఏముంది, నేను మరింత గట్టిగా అరవడం, వాళ్ళు మరింత తొందరగా నాకు బంతి ఇవ్వడం. ఒక సాయంత్రం బంతి కోసం వెళితే ఖాలా ఇవ్వలేదు. బంతిని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీదే కూర్చుంది.

"అరే బేటా, ఇయ్యాల ఆటకు ఒక షర్తు ఉన్నది. నోరు తెరిచినోడు బయట కూసోవాలె. గోల్ అయినా సప్పుడు చెయ్యొద్దు."

నాకు నవ్వొచ్చింది. "గిదేం ఆట ఖాలా? పిలువకుంటే బంతి ఎట్లొస్తది?"

"రాకుంటే రాకపాయె. బంతి నాది, షర్తు నాది. ఇష్టముంటే ఆడుండ్రి, లేకుంటే ఇంటికి పోయి సదువుకోండ్రి."

చదువుకోవడం కన్నా ఇదే నయమని ఆడాం. రెండు జట్లుగా విడిపోయాం. మొదలైన కాసేపటికే నేను బయట ఉన్నాను. అరవాలని అరవలేదు, నోరు దానంతటదే తెరుచుకుంది. కొంతసేపయ్యాక ఖాలా చేత్తో సైగ చేసి మళ్ళీ లోపలికి పంపింది. మళ్ళీ అరిచాను. మళ్ళీ బయట. మూడోసారి బయటికొచ్చి కూర్చున్నప్పుడు, చేసేదేమీ లేక, మొదటిసారి మా ఆటను బయటి నుంచి చూశాను.

మాటా పలుకూ లేని మైదానంలో మా వాళ్ళంతా తడబడుతున్నారు. బంతి దొరికినవాడికి ఎవరికివ్వాలో తోచడం లేదు. ఎవరైనా పిలుస్తారేమోనని తల తిప్పి చూస్తున్నారు, ఆలోపే ఎదుటివాడు వచ్చి లాక్కుంటున్నాడు. ఒక్కడు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు. వాడికి ఆ సాయంత్రానికీ మిగతా సాయంత్రాలకూ తేడా లేదు. బంతి తన దగ్గరికి రాకముందే తలెత్తి ఒకసారి అటూ ఇటూ చూసుకుంటున్నాడు. వచ్చాక కాళ్ళ వైపు చూడనే చూడడం లేదు. ఎవరి చుట్టూ ఎవరూ లేరో వాళ్ళకు ఇస్తున్నాడు. ఆ సాయంత్రం పొట్టివాడికి నాలుగుసార్లు బంతి అందింది. నాలుగుసార్లూ వాణ్ణి పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు.

ఆట అయ్యాక ఖాలా అందరినీ అరుగు ముందు కూర్చోబెట్టింది.

"రెండేండ్ల సంది చూస్తున్న. మీరు పదకొండు మంది ఆడుతలేరు. ఒక్కడు ఆడుతాండు, పది మంది ఆనికి బంతి మోస్తాండ్రు. గా సంగతి కేసముద్రం పోరగాండ్లకు ఎర్కే. ఇద్దరొచ్చి ఆన్ని పట్టుకుంటే మీ ఆట ఖతం. రేపటి సంది గీ పిలగాడు నడుమ ఆడుతడు," అంది, గ్యాంగ్‌మన్ కొడుకు తల మీద చెయ్యి పెట్టి. "మీరందరు ఎవడు గట్టిగ మొత్తుకుంటే ఆనికి బంతి ఇస్తరు. గీనికి మొత్తుకునుడు ఇనపడదు. అందుకే సక్కగ ఇస్తాండు."

వాడికి ఆమె ఏమందో అర్థం కాలేదు. తల మీది చెయ్యి మాత్రం అర్థమైంది. నవ్వాడు.

నేను నవ్వలేదు. లేచి ఇంటికి వెళ్ళిపోయాను. రెండు రోజులు మైదానం వైపు వెళ్ళలేదు. నేను లేకపోతే ఆట ఎలా సాగుతుందో చూద్దామనుకున్నాను. సాగింది. ఇంట్లో కూర్చుని పుస్తకం తెరిచిపెట్టుకుంటే బంతి చప్పుడు వినబడుతూనే ఉంది. నా పేరు మాత్రం ఎక్కడా వినబడలేదు. ఎలా వినబడుతుంది, వాళ్ళు నోరు మూసుకుని ఆడుతున్నారాయె. ఆ సంగతి తెలిసి కూడా ఏడ్చాను.

మూడో రోజు పొద్దున నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడితే ఖాలా వచ్చి నా వెనక బిందె పెట్టింది. నేను ముఖం తిప్పుకున్నాను. ఆమే అంది.

"మా ఆయన సుత నీ లెక్కనే. షెడ్డు జట్టుకంత ఆయనే. ఎవరికి బంతి దొరికినా ఆయనకే. ఒకసారి ఆటల ఇద్దరొచ్చి మీద పడ్డరు. మోకాలు పాయె. గంతే, ఇగ ఆడలే." బిందె నిండుతోంది. ఆమె నీళ్ళ వైపే చూస్తూ చెప్పింది. "తర్వాత రోజూ గా అరుగు మీద కూసొని ఆట చూసేటోడు. ఒక దినం నాతోని అన్నడు, గిన్నేండ్లు నా పక్కపొంటి ఎవలెవలు ఆడిండ్రో నాకు గిప్పుడు కనపడుతాంది అని. బేటా, నువ్వు కూసోకముందే చూడు."

నేను తల దించుకుని అడిగాను. "మరి నేనేం ఆడాలె ఖాలా?"

"నువ్వు బంతి లేకుండ ఉరకాలె."

"బంతి లేకుండ ఉరికితే ఏమొస్తది?"

"నీ ఎనుక ఇద్దరొస్తరు," అంది ఖాలా. "గా ఇద్దరు నిలబడ్డ జాగ ఖాళీ అయితది. నువ్వు గట్టిగ ఆడుతవనే కదా వాండ్లు వచ్చేది? నీ పేరునే వాడుకో."

ఆ మాటతో నా మనసు కుదుటపడింది. నన్ను తీసేయడం లేదు, నాతో ఇంకో పని చేయిస్తోంది. ఆ సాయంత్రం వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు. గ్యాంగ్‌మన్ కొడుకు మాత్రం నన్ను చూడగానే బంతిని నా కాళ్ళ దగ్గరికి మెల్లగా దొర్లించాడు.

మూడు వారాలు అలాగే ఆడాం. లావుగా ఉన్నాడని, ఎదుటివాళ్ళు భయపడతారని ముందు ఆడించే కుర్రాణ్ణి ఖాలా వెనక్కి పంపింది. వాడికి పరుగు రాదు గానీ గాల్లో వచ్చిన బంతిని తలతో కొట్టడంలో వాణ్ణి మించినవాడు లేడు. చేతి సైగలు నేర్చుకున్నాం. ఎవరూ నేర్పలేదు, మాట లేనప్పుడు చెయ్యి దానంతటదే లేస్తుంది. చూడటం నేర్చుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది. నాకైతే మరీనూ.

పందెం రోజు పొద్దున ప్యాసింజర్ ఎక్కి కేసముద్రం వెళ్ళాం. ఖాలా కూడా బురఖా వేసుకుని ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కింది. కేసముద్రంలో చెల్లెలి ఇల్లుందని, చూసి చాలా రోజులైందని ఇంట్లో చెప్పిందట. ఆట మొదలయ్యేసరికి చెల్లెలితో సహా మైదానం పక్కన ఆపిన ఎడ్లబండి మీద కూర్చుని ఉంది.

మిర్చి కాలం. మైదానం పక్కనే యార్డు. గాలి అటు నుంచి వీస్తే తుమ్ములు. ఆ రోజు పంట తెచ్చిన రైతులు, బస్తాలు దించిన హమాలీలు, అందరూ ఆట చూడటానికి వచ్చారు. లారీ డ్రైవర్లు ఊరికే హారన్లు కొడుతున్నారు. ఒకాయన డప్పు కూడా తెచ్చాడు. ఆ గోలలో పక్కనున్నవాడు మాట్లాడినా వినబడదు.

మొదటి సగంలో నేను నేర్చుకున్నదంతా మరచిపోయాను. అంతమందిని చూసేసరికి పాత బుద్ధి పైకొచ్చింది. బంతి ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తి అరిచాను. ఆ గోలలో నా అరుపు నాకే వినబడలేదు. వాళ్ళవాళ్ళిద్దరు నీడల్లా నా వెంటే ఉన్నారు. నేను బంతి దగ్గరికే పోతుంటే వాళ్ళూ అక్కడికే వచ్చారు. మా మధ్యలో దారి మూసుకుపోయింది. వాళ్ళు ఒక గోల్ వేశారు. డప్పు మోగింది.

విరామంలో నీళ్ళు తాగుతూ బండి వైపు చూశాను. ఖాలా లేచి రాలేదు. కోపంగానూ లేదు. నేను చూస్తున్నానని తెలిసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. అంతే.

రెండో సగం మొదలైంది. నోరు మూశాను. గ్యాంగ్‌మన్ కొడుక్కి మధ్యలో బంతి దొరకగానే నేను కుడి మూలకు పరుగు తీశాను. అంతకుముందు ఎన్నడూ బంతి కోసం కూడా అంత వేగంగా పరుగెత్తలేదు. ఆ ఇద్దరూ నా వెంట వచ్చారు. గీత దాకా వచ్చి వెనక్కి తిరిగి చూస్తే గోల్ ముందు ఎడమవైపంతా ఖాళీ. బంతి అప్పటికే అటు వెళుతోంది. పొట్టివాడు దానికంటే ముందే అక్కడున్నాడు. వాళ్ళ గోల్ కీపర్ ఇంకా నా వైపే చూస్తున్నాడు. బంతి వాడి పక్కగా లోపలికి వెళ్ళింది.

హారన్లు ఆగాయి. మేం మాత్రం అరవలేదు. అలవాటు కొద్దీ చేతులెత్తాం, పదకొండు మందిమీ. ఆ మౌనం చూసి జనం ఇంకా ఆశ్చర్యపోయారు.

వాళ్ళ కెప్టెన్ తెలివైనవాడు. వెంటనే ఒకణ్ణి పొట్టివాడి మీదికి పంపాలని వెనక నుంచి అరిచాడు. వాళ్ళ ఆటంతా అతని అరుపుల మీదే నడిచేది. హారన్లు మళ్ళీ మొదలయ్యాయి, ఆ గోలలో అతని వాళ్ళకు సగమే వినబడింది. ఇద్దరు ఒకే చోటికి వెళ్ళారు, ఇంకో చోట ఎవరూ లేరు. మేం చూపులతో మాట్లాడుకుంటూ ఆడుతున్నాం. మా లావువాడు వెనక నాలుగు బంతుల్ని తలతో ఆపేశాడు. చివరికి వాళ్ళు కుదురుకుని, నాకు ఇద్దరు, పొట్టివాడికి ఇద్దరు కాపలా పెట్టారు.

ఆట అయిపోవచ్చింది. రెఫరీగా ఉన్న బడిపంతులు చేతి గడియారం చూసుకుంటున్నాడు. మధ్యలో గ్యాంగ్‌మన్ కొడుక్కి బంతి దొరికింది. తలెత్తి నన్ను చూశాడు, దారి లేదు. పొట్టివాణ్ణి చూశాడు, అటూ లేదు. నేను అప్పుడు చూశాను. నలుగురు మా ఇద్దరి దగ్గరుంటే వాడి ముందు ఎవరూ లేరు. గోల్ దాకా నేల ఖాళీగా ఉంది. ఎప్పుడూ ఇతరులకు ఇచ్చేవాడే కదా అని వాళ్ళు వాణ్ణి వదిలేశారు. వాడు కూడా తనను తాను లెక్కలోంచి వదిలేసుకున్నాడు.

అరిస్తే వినబడదు. చెయ్యి ఎత్తాను. ఎప్పుడూ నా గుండె మీద కొట్టుకుని చూపించే చెయ్యి. ఈసారి దాన్ని వాడి వైపు చూపి, అక్కడి నుంచి గోల్ వైపు తిప్పాను. నువ్వే. వాడు ఒక్క క్షణం నమ్మలేదు. మళ్ళీ చూపించాను. రెండడుగులు వేసి కొట్టాడు.

బంతి వెదురు గుంజకు తగిలి లోపలికి పడింది. వాడి వీపు జనం వైపుంది. వాళ్ళ అరుపులు వాడికి చేరవు. గోల్ అయిందో లేదో తెలుసుకోవడానికి నా ముఖం వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టుంటుంది. నేను చేతులెత్తలేదు, అరవలేదు. పరుగెత్తుకెళ్ళి వాణ్ణి ఎత్తుకున్నాను. తర్వాత అందరూ వచ్చి మా మీద పడ్డారు. షర్తు గిర్తు మరచిపోయి గొంతులు పోయేలా అరిచాం. బండి మీద ఖాలా లేచి నిలబడి, బురఖా ముసుగు వెనక్కి తోసి, రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది.

రైలు కోసం స్టేషన్లో నిలబడితే కేసముద్రం కెప్టెన్ వెతుక్కుంటూ వచ్చాడు. "నిన్ను పట్టుకుంటే అయిపోతదనుకున్నం అన్నా," అన్నాడు. "గా నడుమ ఆడినోడు ఎవలు? గీ రెండేండ్లు ఏడ దాసిండ్రు?" మేం దాచలేదు, మాకే కనబడలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాడి పేరు చెప్పాను. వాడి పేరు నా నోట రావడం అదే మొదటిసారి. కెప్టెన్ వెళ్ళి వాడితో చెయ్యి కలిపాడు. రైలెక్కాక వాడు డోర్నకల్ వచ్చేదాకా ఆ అరచేతిని మడవకుండా మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు నాకు అరవై ఏళ్ళు దాటాయి. వాడు భూపాలపల్లి గనుల దగ్గర వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడి పిల్లలకు ఇప్పటికీ సాయంత్రాలు ఆట నేర్పుతున్నాడని విన్నాను, చూసి కూడా వచ్చాను. నేను రైల్వేలోనే పట్టాల పనుల మీద సూపర్‌వైజరుగా ఎన్నో ఏళ్ళు చేశాను. ఒక వానాకాలం వాగు పొంగి పట్టాల కింద మట్టి కొట్టుకుపోతే, పై అధికారి వచ్చి ముందు నీళ్ళలోకి ఎవరు దిగుతారని అడిగాడు. నలుగురైదుగురు గట్టిగా మాట్లాడుతున్నారు. నాకూ నోటి దాకా నా పేరే వచ్చింది. ఆగి చుట్టూ చూశాను. చివర్లో గొడుగు లేకుండా తడుస్తూ, ఎవరితోనూ మాట్లాడకుండా, నీళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూస్తున్న ముసలి కీమన్, రోజూ పట్టాల వెంట నడిచి కీలు బిగించేవాడు, కనబడ్డాడు. ఆ వాగును ఆయన ఎరిగినంత మాలో ఎవరూ ఎరగరు. ఆయన వైపు చెయ్యి చూపించాను. ఆయన ముందు దిగి దారి చూపితే మేం పని చేశాం, సాయంత్రానికి బండి దాటింది.

ఎక్కడ నలుగురు కూడినా నాకు ముందు అరవాలనే ఉంటుంది. ఆ బుద్ధి పూర్తిగా పోలేదు, పోతుందని ఆశ కూడా లేదు. కానీ అరిచేముందు ఒక్క క్షణం తలెత్తి చూస్తాను, ఎవరి ముందు దారి ఖాళీగా ఉందోనని. కనబడితే చెయ్యెత్తి చూపిస్తాను. ఆ చెయ్యి చూసి మొదట నమ్మక, తర్వాత అడుగు ముందుకేసే మనిషి ముఖంలో వచ్చే వెలుగును చూడటం కంటే పెద్ద గెలుపు నాకు ఈ జన్మలో దొరకలేదు.